కడచూపు దక్కని కొడుకు: ‘జేకబ్స్ రూమ్’ నవల అలా ఎందుకు ఉంటుంది?

క్లుప్తంగా

ఇంగ్లిష్ రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ రాసిన ‘జేకబ్స్ రూమ్’ 1922 అక్టోబరులో లండన్‌లో వెలువడింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండ్‌లో పెరిగిన జేకబ్ ఫ్లాండర్స్ అనే యువకుడి జీవితమే కథ. అయితే జేకబ్ మనసులో ఏముందో ఈ నవల చాలావరకు చెప్పదు. అతను చనిపోయిన సంగతి కూడా సూటిగా చెప్పదు. కథానాయకుడి చోట ఖాళీ ఎందుకు పెట్టారన్నదే పాఠకుల తికమక. ఆ ఖాళీకి రెండు మూలాలు కనిపిస్తాయి: శవం కూడా ఇంటికి రాని యుద్ధకాలపు చావులు, మగపిల్లల లోకానికి గుమ్మం బయటే నిలబడిన ఆడవాళ్ల చూపు.

ఎక్కడ దారి తప్పుతాం

కుర్రాడి జీవితకథ అనగానే చదివేవాళ్లు ఒక వరుసకు సిద్ధపడతారు. చిన్నతనం, బడి, కాలేజీ, ప్రేమ, ఒక ఎదురుదెబ్బ, చివరికి జీవితంలో కుదురుకున్న మనిషి. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ నవల ఈ బాటను నున్నగా తొక్కిపెట్టింది. ‘జేకబ్స్ రూమ్’లోనూ ఈ మజిలీలు చాలావరకు ఉన్నాయి. కార్న్‌వాల్ సముద్రపు ఒడ్డున చిన్నతనం, స్కార్‌బరో పట్నంలో భర్త పోయిన తల్లి పెంపకం, 1906 అక్టోబరులో కేంబ్రిడ్జ్, ఆ తర్వాత లండన్‌లో అద్దె గది, ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు, గ్రీసు యాత్ర, అక్కడ పెళ్లయిన ఒకావిడ మీద మోజు, మళ్లీ లండన్. అంతలో యుద్ధం. పద్నాలుగు అధ్యాయాల్లో ఇదంతా ముగిసిపోతుంది.

మజిలీలు ఉన్నాయి గానీ వాటిని కలిపే దారి లేదు. జేకబ్ స్నేహితుడు టిమ్మీ డరంట్‌తో కలిసి పడవలో సిల్లీ దీవుల వైపు వెళ్తుంటాడు. కాసేపటికి కథ ఒడ్డు మీది గుడిసెలో ఉన్న ఎవరో ఆడమనిషి దగ్గరుంటుంది. పేరు పెట్టి పరిచయం చేసిన మనిషి అర పేజీలో మాయమై మళ్లీ కనిపించదు. ఇలాంటి పేర్లు వందకు పైగానే ఉంటాయి. ఎవరిని గుర్తుపెట్టుకోవాలో తెలియక చదివేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. నిజానికి అవసరమైన పేర్లు ఏడెనిమిదే. తల్లి బెట్టీ, వారం వారం ఆమె ఇంటికొచ్చే కెప్టెన్ బార్‌ఫుట్, స్నేహితులు డరంట్, బానమీ, మనసులో మాట బయటపెట్టలేని క్లారా, ఫ్లోరిండా, ఫ్యానీ, గ్రీసులో సాండ్రా. మిగతావాళ్లు రైలు కిటికీలోంచి కనిపించి వెళ్లిపోయే మనుషుల్లాంటివాళ్లు. వాళ్లను వెళ్లిపోనివ్వడమే మంచిది.

తెల్ల కాగితం చేసే పని

ముప్పై ఎనిమిదో పుట్టినరోజు మర్నాడు, 1920 జనవరి 26న, కొత్త నవలకు కొత్త రూపం తట్టిందని వుల్ఫ్ డైరీలో రాసుకున్నారు. పరంజా లేకుండా, ఇటుక కూడా కంటపడకుండా ఇల్లు లేపినట్టు ఉండాలన్నది ఆమె ఆలోచన. ఒక విషయం లోంచి ఇంకో విషయం విచ్చుకోవాలి, మధ్యలో ‘ఆ తర్వాత ఏం జరిగిందంటే’ అని చెప్పే వాక్యాలు ఉండకూడదు. అప్పటికే గోడ మీది మచ్చ గురించి, పూలతోట గురించి రాసిన చిన్న కథల్లో ఈ పద్ధతి పరీక్షించారు. నవలంత పొడవున అది నిలుస్తుందా అన్నదే సందేహం.

ఈ ధైర్యానికి ఒక మామూలు కారణం కూడా ఉంది. అప్పటికి వుల్ఫ్ దంపతులకు సొంత ప్రెస్సు ఉంది. 1917లో ఒక చిన్న చేతి ముద్రణ యంత్రం కొని, రిచ్‌మండ్‌లో తాముండే హోగార్త్ హౌస్‌లోనే పెట్టుకున్నారు. హోగార్త్ ప్రెస్ అలా మొదలైంది. ఆమె మొదటి రెండు నవలల్ని ప్రచురించింది, తల్లికి మొదటి పెళ్లి వల్ల పుట్టిన అన్న జెరాల్డ్ డక్‌వర్త్ సంస్థ. ‘జేకబ్స్ రూమ్’ ఆమె మూడో నవల, సొంత సంస్థ నుంచి వచ్చిన మొదటిది. పుస్తకం పెద్దది కాబట్టి ఎడిన్‌బరోలో అచ్చు వేయించారు. అట్ట అక్క వెనెస్సా బెల్ వేశారు. ఇదేమిటి, అదెందుకు అని అడిగే సంపాదకుడు మధ్యలో లేడు.

ఆ స్వేచ్ఛ పేజీ మీదే కనిపిస్తుంది. ఒక ఘట్టానికీ ఇంకో ఘట్టానికీ మధ్య తెల్లటి ఖాళీ వదిలారు. ఒక్కోచోట ఒక వరుస, ఒక్కోచోట రెండు, కొన్నిచోట్ల నాలుగు వరుసల దాకా. తన ప్రెస్సులో అక్షరాలు చేత్తో కూర్చిన వుల్ఫ్‌కు ఖాళీ అంటే ఉత్త శూన్యం కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఆ రోజుల అచ్చుపనిలో ఖాళీ చోటు కూడా లోహపు ముక్కే. దాన్నీ ఏరి, కొలిచి, అక్షరాల మధ్య పెట్టాల్సిందే. వుల్ఫ్ వాక్యాన్ని ఎంత కొలిచి పెట్టారో ఖాళీనీ అంతే కొలిచి పెట్టారు. జేకబ్ బతుకులో మనం చూడని నెలలు, ఏళ్లు అక్కడే గడిచిపోతాయి.

అందరూ చూస్తారు, ఎవరికీ అందడు

నవలను నడిపే ప్రధాన పద్ధతి ఇది: జేకబ్‌ను ఎప్పుడూ ఇంకొకరి కళ్లతో చూపించడం. అన్నిటికంటే తేటగా కనిపించేది మూడో అధ్యాయం మొదట్లో వచ్చే రైలు ఘట్టం. కేంబ్రిడ్జ్ వెళ్లే రైలుపెట్టెలో మిసెస్ నార్మన్ అనే యాభై ఏళ్లావిడ ఒంటరిగా కూర్చుని ఉంటుంది. బలిష్ఠంగా ఉన్న కుర్రాడొకడు లోపలికొస్తాడు. ఆమెకు ముందు భయం. తర్వాత దొంగచూపులు. వదులైన మేజోళ్లు, నలిగిన టై, మూసిన పెదవులు, కిందికి వాలిన కళ్లు. మెల్లగా భయం పోతుంది. ఇతనిది తన కొడుకు వయసే కదా అనిపిస్తుంది. రైలు దిగేటప్పుడు అతను ఆమె పెట్టె అందిస్తాడు, జనంలో కలిసిపోతాడు. ఆ ఘట్టం అయ్యేసరికి పాఠకుడికి మిసెస్ నార్మన్ బాగానే తెలుస్తుంది. జేకబ్ గురించి తెలిసింది మేజోళ్లూ టై మాత్రమే.

నవలంతా ఈ రైలుపెట్టెలాగే సాగుతుంది. తల్లి చూపులో ఒక జేకబ్, క్లారా డైరీలో ఇంకో జేకబ్, బానమీ ప్రేమలో మరో జేకబ్. మనుషుల్ని ఇంతేనని తేల్చి చెప్పాలనుకోవడం వృథా, అందిన ఆనవాళ్లను పట్టుకుని పోవాల్సిందే అన్న మాట నవలలో రెండుసార్లు వస్తుంది. ఆ మాట కథకురాలిది. ఆమె జేకబ్ కంటే పదేళ్లు పెద్ద, ఆడమనిషి అని ఒకచోట తనే బయటపెడుతుంది. అతని గది తలుపు దగ్గర నిలబడి, లోపల మగపిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో సగం సగం వింటుంది.

ఈ ‘గుమ్మం బయట’ అన్నది వట్టి పోలిక అనుకోనక్కర్లేదు. వుల్ఫ్ అన్నదమ్ములు కేంబ్రిడ్జ్‌లో చదివారు, ఆమెకు ఆ అవకాశం దొరకలేదు. నవల మొదటి ప్రతి ముగింపుకొస్తున్న 1921 అక్టోబరులోనే, ఆడవాళ్లకు పూర్తి సభ్యత్వం ఇవ్వాలా అని కేంబ్రిడ్జ్‌లో ఓటు పెట్టి వద్దని తేల్చారు. ఆ గెలుపు సంబరంలో మగ విద్యార్థులు న్యూనమ్ మహిళా కళాశాల గేట్లు విరగ్గొట్టారు. పూర్తి డిగ్రీ హక్కు 1948లో గానీ రాలేదు. ఈ నేపథ్యం తెలిస్తే నవలలోని వెటకారం అర్థమవుతుంది. చాపెల్ ప్రార్థనలో ఆడవాళ్లను చూసి, చర్చిలోకి కుక్కను రానిచ్చినట్టుందని జేకబ్ మనసులో విసుక్కుంటాడు. అతని మనసులోకి నవల తొంగిచూసే కొద్ది చోట్లలో అదొకటి. బ్రిటిష్ మ్యూజియం చదువుల గదిలో జూలియా హెడ్జ్ అనే స్త్రీ తను అడిగిన పుస్తకాల కోసం కాచుకుని కూర్చుంటుంది. తలెత్తి చూస్తే గుండ్రటి పైకప్పు చుట్టూ అన్నీ గొప్ప మగవాళ్ల పేర్లే. జేకబ్‌ను వుల్ఫ్ జాలితో చూశారు గానీ, అతని దర్జాను చూసీ చూడనట్టు వదిలేయలేదు.

చైతన్య స్రవంతి అనొచ్చా?

వుల్ఫ్ పేరు వినగానే తెలుగులో ‘చైతన్య స్రవంతి’ అనేస్తారు, అంటే పాత్ర తలలో ఆలోచనలు ఎలా పారితే అలాగే రాసే పద్ధతి. ఈ నవలకు ఆ ముద్ర వేసుకుని చదివితే మరింత తికమక. తెలుగులో ఆ పద్ధతికి బాగా తెలిసిన ఉదాహరణ 1969లో వచ్చిన నవీన్ ‘అంపశయ్య’. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్ కుర్రాడు రవి ఒక్క రోజు ఆలోచనలే ఆ నవల. నిద్ర లేచిన దగ్గర్నుంచి అతని తలలో తిరిగే ప్రతి భయం, కోరిక, లెక్క పాఠకుడికి వినిపిస్తాయి. యూనివర్సిటీ కుర్రాడు, అద్దె బతుకు, అమ్మాయిల గురించిన ఊహలు అని పైపైన చూస్తే రవి, జేకబ్ ఒకే ఈడువాళ్లే. రవి లోపలున్నదంతా పేజీ మీదికొచ్చేస్తుంది. జేకబ్ లోపలి నుంచి మాత్రం అప్పుడో మాట, ఇప్పుడో మాట.

ఈ నవలలో ప్రవహించే చైతన్యం జేకబ్‌ది కాకుండా అతని చుట్టూ ఉన్నవాళ్లది. వాళ్లందరి ఆలోచనలూ అతని దగ్గరికొచ్చి ఆగిపోతాయి, రాయి చుట్టూ నీళ్లు తిరిగినట్టు. ఒక మనిషి మనసును వెంటాడే పద్ధతిని వుల్ఫ్ తర్వాత 1925లో ‘మిసెస్ డాలోవే’లో బాగా పెంచారు. ఇక్కడ ఇంకా తలుపు బయటే ఉన్నారు, కావాలనే.

థోబీ

జేకబ్‌కు ఒక అసలు మనిషి ఉన్నాడని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. వుల్ఫ్ అన్న థోబీ స్టీఫెన్. కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో చదివాడు. 1906లో తోబుట్టువులతో గ్రీసు వెళ్లి, టైఫాయిడ్‌తో తిరిగొచ్చి, నవంబరు 20న చనిపోయాడు. వయసు 26. నవలలో జేకబ్ కేంబ్రిడ్జ్‌లో అడుగుపెట్టేది సరిగ్గా 1906 అక్టోబరులో, అంటే థోబీ ఆఖరి రోజుల్లో. గ్రీసు కూడా ఉంది. తేదీలు దాచే అలవాటున్న ఈ నవలలో ఆ సంవత్సరాన్ని మాత్రం పేరు పెట్టి చెప్పడం కాకతాళీయం అనుకోలేం.

అయితే థోబీ యుద్ధంలో పోలేదు. సొంత ఇంటి చావును వుల్ఫ్ ఒక తరం చావులోకి మార్చారు. ఆ మార్పుతోనే నవల ఇంటి గుమ్మం దాటింది.

శవాలు రాని యుద్ధం

మన భారతంలో స్త్రీపర్వం ఉంది. యుద్ధం ముగిశాక గాంధారీ కోడళ్లూ కురుక్షేత్రానికి వెళ్లి, పడిపోయిన కొడుకుల్నీ భర్తల్నీ ఒక్కొక్కరినే గుర్తుపట్టి ఏడుస్తారు. శోకానికి కనీసం ఒక శరీరం ఉంది, కడచూపు ఉంది.

1914-18 యుద్ధంలో బ్రిటిష్ తల్లులకు అది కూడా లేదు. చనిపోయిన సైనికుల శవాలను స్వదేశానికి తేకూడదని 1915లోనే నిర్ణయించారు. డబ్బున్నవాళ్లు తెచ్చుకుంటే పేదవాళ్ల మాటేమిటి, అందర్నీ పడినచోటే సమానంగా పూడ్చాలన్నది వాదన. చాలా కుటుంబాలు గొడవ చేశాయి. 1920 మేలో పార్లమెంటులో దీని మీద పెద్ద చర్చే జరిగింది, నిర్ణయం మారలేదు. బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున చనిపోయిన సుమారు 11 లక్షల మందిలో ఐదు లక్షల పైచిలుకు మందికి పేరున్న సమాధే లేదు. ట్రినిటీ కాలేజీ ఒక్కదానికే 600కు పైగా మంది పోయారు. ఇంటికి చేరేది ఒక టెలిగ్రామో ఉత్తరమో, తర్వాత కొన్ని వస్తువులు.

ఈ శూన్యానికి ప్రభుత్వం వెతికిన రూపం సెనోటాఫ్. ఆ గ్రీకు మాటకు అర్థం ‘ఖాళీ సమాధి’. లండన్ వైట్‌హాల్‌లో రాతి సెనోటాఫ్‌ను 1920 నవంబరు 11న ఆవిష్కరించారు. అదే రోజు పేరు తెలియని ఒక సైనికుణ్ని వెస్ట్‌మినిస్టర్ అబేలో పూడ్చారు. సెనోటాఫ్ రూపశిల్పి ఎడ్విన్ లుట్యెన్స్. ఢిల్లీలో ఇండియా గేట్ గీసిందీ ఆయనే. దాని మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. 1914 అక్టోబరులో బెల్జియంలోని ఫ్లాండర్స్ బురదలోకి దిగిన సైన్యాల్లో భారతీయ దళాలు కూడా ఉన్నాయి కాబట్టి, ఆ శూన్యం ఒక్క ఇంగ్లండ్‌దే అనుకోలేం.

‘జేకబ్స్ రూమ్’ రాయడం 1920 ఏప్రిల్‌లో మొదలై 1921 నవంబరుకు ముగిసింది. వీధిలో ఖాళీ సమాధి లేస్తున్నప్పుడు వుల్ఫ్ కాగితం మీద ఖాళీ గది కట్టారు. కథానాయకుడి ఇంటిపేరు ఫ్లాండర్స్ అన్నది కూడా చూడాలి. బెల్జియంలో ఆ ప్రాంతం పేరు 1922 నాటి పాఠకుడి చెవిన పడితే అర్థం ఒక్కటే. మొదటి పేజీలోనే ఆ కుర్రాడికి చావు రాసిపెట్టి ఉందని వాళ్లకు తెలిసిపోతుంది. వందేళ్ల తర్వాత ఇంకో దేశంలో చదివేవాళ్లకు ఆ చప్పుడు వినపడదు. నేటి తికమకలో కొంత భాగం ఇక్కడి నుంచే వస్తోంది.

యుద్ధం ఎక్కడ కనిపిస్తుంది

కందకాలు లేవు, తుపాకీ పట్టిన జేకబ్ లేడు. అతను సైన్యంలో చేరిన ఘట్టమే లేదు. యుద్ధం మీద పేరుపొందిన నవలలు చాలావరకు 1929 చుట్టుపక్కల వచ్చాయి, అవి పాఠకుణ్ని కందకంలోకి దించుతాయి. వుల్ఫ్ నవల వాటికంటే ఏడేళ్లు ముందుది, ఒక్క అడుగు కూడా అటు వేయదు.

యుద్ధం దూరం నుంచి చప్పుళ్లుగా వస్తుంది. జేకబ్ చిన్నతనంలో చిమ్మటలు పట్టే రాత్రి అడవిలో చెట్టు కూలితే పిస్తోళ్లు పేలినట్టు వినిపిస్తుంది. పన్నెండో అధ్యాయంలో ఉన్నట్టుండి యుద్ధనౌకలు. యంత్రాల మీద పూర్తి పట్టున్న డజను మంది కుర్రాళ్లు ప్రశాంతమైన ముఖాలతో సముద్రం అడుగుకు దిగి, ఊపిరాడక పోతారు. ఒక్క వాక్యంలో. ఇంకోచోట పెద్దమనుషులు పదహారు మంది బల్ల చుట్టూ కూర్చుని చరిత్ర ఎటు నడవాలో తేలుస్తారు. పదమూడో అధ్యాయం చివర, రాత్రి నిద్రమత్తులో బెట్టీకి దూరంగా ఏదో మోత, ఎక్కడో ఆడవాళ్లు పెద్ద పెద్ద తివాచీలు దులుపుతున్నట్టు. ఫిరంగి మోతను ఆమె తనకు తెలిసిన ఇంటిపనిగా వింటుంది.

జేకబ్ మాయమయ్యే తీరు కూడా ఇంతే మెత్తగా ఉంటుంది. చిన్నప్పుడు లాటిన్ చెప్పిన మిస్టర్ ఫ్లాయిడ్, లండన్ వీధిలో అతన్ని చూస్తాడు. ఒకప్పుడు బైరన్ కవితల పుస్తకం ఇచ్చింది ఈ కుర్రాడికే కదా అనుకుంటాడు. పలకరించాలని ముందుకొస్తాడు. తటపటాయిస్తాడు. జేకబ్ వెళ్లిపోతాడు. ఆ తర్వాత అతన్ని పలకరించే అవకాశం ఎవరికీ రాదు.

తల్లి ఉత్తరం ఘట్టం దీనికి జోడీ. లేత నీలం కవరులో ఆమె ఉత్తరం బల్ల మీద పడి ఉంటుంది, పక్క గదిలో జేకబ్ ఫ్లోరిండాతో ఉంటాడు. ఆ తల్లి నిజంగా చెప్పాలనుకున్నది చెడు సావాసాలు పట్టకు, మందపాటి చొక్కాలు వేసుకో, ఎప్పుడైనా నా దగ్గరికి తిరిగి రా అని. కానీ ఆ మాటలు ఉత్తరంలో ఉండవు. ఊళ్లో కబుర్లు మాత్రమే ఉంటాయి.

చివరి అధ్యాయం రెండు పేజీలు కూడా ఉండదు. జేకబ్ గదిలో బానమీ నిలబడి ఉంటాడు. ఉత్తరాలు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి, తిరిగొస్తాననుకున్నవాడు వదిలివెళ్లినట్టు. గాలికి తెర కొంచెం కదులుతుంది. ఎవరూ కూర్చోకపోయినా పేము కుర్చీ కిర్రుమంటుంది. ఈ గాలి, తెర, కుర్చీ వాక్యాలు మూడో అధ్యాయంలో కేంబ్రిడ్జ్ గది గురించి ఒకసారి వచ్చినవే. అప్పుడు జేకబ్ బయటికెళ్లాడు, అంతే. ఇప్పుడూ మాటలు మారలేదు, అర్థం మారింది. తలుపు మీద చెక్కిన పొట్టేలు పుర్రె సంగతి కూడా మళ్లీ వస్తుంది. మొదటి అధ్యాయంలో పసివాడు జేకబ్ సముద్రపు ఒడ్డున ఏరుకుని వదలనని పట్టుబట్టింది గొర్రె పుర్రెనే. అక్కడ అన్న ఆర్చర్ ‘జేకబ్’ అని గొంతెత్తి పిలిచాడు. ఇక్కడ బానమీ కిటికీ దగ్గర అదే పేరు పిలుస్తాడు. రెండుచోట్లా జవాబు లేదు. బెట్టీ లోపలికొచ్చి, జేకబ్ పాత బూట్ల జత చేత్తో పట్టుకుని, వీటిని ఏం చేయాలని బానమీని అడుగుతుంది. నవల అక్కడ ఆగిపోతుంది. చావు అన్న మాట రాకుండానే చావు పూర్తయిపోయింది.

బెన్నెట్ ఫిర్యాదు, ఆ తర్వాత

ఈ పద్ధతి అందరికీ నచ్చలేదు. అప్పటి ప్రముఖ నవలాకారుడు ఆర్నాల్డ్ బెన్నెట్ 1923లో, పుస్తకం చాలా తెలివైనదే గానీ పాత్రలు మనసులో నిలబడవని రాశారు. వుల్ఫ్ బదులుగా ‘మిస్టర్ బెన్నెట్ అండ్ మిసెస్ బ్రౌన్’ వ్యాసం రాశారు. అందులో రైలుపెట్టెలో మూల సీటులో కూర్చున్న ఒక పెద్దావిడే ఉదాహరణ. ఆమె ఇంటి అద్దె, ఆదాయం, గోడల రంగు చెప్పి ఆమెను పట్టుకున్నాననుకునే పాత నవలతో తన తగాదా ఏమిటో వివరించారు. ఆ రైలుపెట్టె ‘జేకబ్స్ రూమ్’లోనిదే, చూసేవాళ్లు మారారు.

బెన్నెట్ మాటలో కొంత నిజం లేకపోలేదు. గ్రీసు అధ్యాయంలో సాండ్రా ఘట్టాలు సాగతీతగా ఉంటాయి. అక్కడక్కడా కథకురాలు లండన్ వీధుల మీద వ్యాసం మొదలుపెట్టి జేకబ్‌ను మర్చిపోతుంది. వాక్యాల చమత్కారం కోసం ఆగిన చోట్లు కూడా ఉన్నాయి. కానీ జేకబ్ మనసులో నిలబడడన్నది లోపం అనే ముందు ఒకటి ఆలోచించాలి. ఇరవై ఏళ్లు పెంచిన తల్లికే పూర్తిగా అందని మనిషి పాఠకుడికి అందితే అది అబద్ధం అయ్యేది. అచ్చుకు ముందు చదివిన భర్త లెనార్డ్ వుల్ఫ్ కూడా ఇందులో మనుషులు దయ్యాల్లా ఉన్నారన్నారు. అయినా ఆమె రాసినవాటిలో ఇదే మేలైనదని కూడా అన్నది ఆయనే. నలభయ్యో ఏట తన గొంతులో ఏదైనా చెప్పడం ఎలా మొదలెట్టాలో తెలిసిందని వుల్ఫ్ ఆ వేసవిలో డైరీలో రాసుకున్నారు.

ఆ గొంతు తర్వాతి నవలల్లో వినిపిస్తూనే ఉంది. 1927 నాటి ‘టు ది లైట్‌హౌస్’లో యుద్ధంలో పోయిన కొడుకు చావు బ్రాకెట్ల మధ్య రెండు మూడు వరుసల్లో తేలిపోతుంది. 1931 నాటి ‘ది వేవ్స్’లో అందరూ తలుచుకునే పెర్సివల్ ఒక్క మాట కూడా మాట్లాడడు. అతను ఇండియా వచ్చి, గుర్రం మీంచి పడి చనిపోతాడు. థోబీ నీడ అక్కడిదాకా సాగింది.

ఇప్పుడు కొనేవాళ్లకు ఒక మాట. కాపీరైటు తీరిపోవడంతో ఈ నవలకు చవక ప్రతులు చాలా వచ్చాయి. తర్వాత అమెరికాలో వచ్చిన ముద్రణలో, మరికొన్ని ప్రతుల్లో ఘట్టాల మధ్య ఖాళీలు కొన్ని మూసుకుపోయాయి. అప్పుడు పడవ ప్రయాణం పక్కనే గుడిసెలో ఆడమనిషి వచ్చిపడుతుంది, ఎవరు ఎక్కడున్నారో బొత్తిగా తెలియదు. కొనేముందు రెండు పేజీలు తిరగేసి, వరుసల మధ్య తెల్లచోటు ఉందో లేదో చూసుకోవాలి.